లిస్ట్ బాక్స్ లో, గ్రిడ్ లో రో రంగు, సెల్ రంగు కోడ్ తో చదవడం ఎలా

ఒక మెడికల్ షాపుకి స్టాక్ సాఫ్ట్‌వేర్ రాశా, చిన్నదే, విన్ ఫార్మ్స్ లో (విండోస్ ప్రోగ్రాంల స్క్రీన్లు తయారుచేసే డాట్ నెట్ సాధనం) సీ షార్ప్ తో. ఎక్స్‌పైరీ దాటిపోయిన మందు లైను ఎర్రగా, 90 రోజుల్లో దాటిపోయేది పసుపుగా, మిగతావి మామూలు తెల్లగా కనపడాలి, అంతే అడిగారు, చేసిచ్చా. నెల తిరక్కుండానే షాపాయన ఫోన్ చేసి "బాబూ, ఆ ఎర్ర లైన్లు మాత్రం ప్రింట్ వచ్చేట్టు ఒక బటన్ పెట్టు, స్టాకిస్టుకి రిటర్న్ పంపాలి" అన్నాడు. స్క్రీన్ మీద రంగు కనపడుతూనే ఉంది కదా, రో రో తిరిగి రంగు ఎరుపు ఉందా లేదా చూస్తే సరిపోద్ది అనుకుని అలాగే రాసిచ్చా. మొదటిసారి బటన్ నొక్కితే 19 లైన్లు ప్రింట్ అయినయ్, ఆయన లిస్టు కిందదాకా స్క్రోల్ చేసి ఏదో చూసుకుని మళ్ళీ నొక్కితే 31 వచ్చినయ్. స్టాక్ ఒక్కటి కూడా మారలేదు, తేదీ మారలేదు, లెక్క మాత్రం మారింది. అది ఎందుకు మారిందో అర్థం చేసుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులు మీకు పోకూడదని ఇది రాస్తున్నా.

ముందు ఒక మాట. కోడ్ లో వచ్చే పేర్లన్నీ నేను పలికినట్టు తెలుగులోనే రాస్తా, మధ్యలో చుక్క ఉన్న చోట డాట్ అంటా. విజువల్ స్టూడియోలో మొదటి మూడు నాలుగు అక్షరాలు కొడితే మిగతాది అదే చూపిస్తుంది కాబట్టి స్పెల్లింగ్ కి ఇబ్బంది ఉండదు.

అసలు సంగతి ఏంటంటే స్క్రీన్ మీద కనపడే రంగు వేరు, కంట్రోల్ (స్క్రీన్ మీద మనం పెట్టే లిస్టు, గ్రిడ్ లాంటి భాగం) గుర్తుపెట్టుకున్న రంగు వేరు. కొన్నిసార్లు రెండూ ఒకటే అయితయ్, కొన్నిసార్లు కంట్రోల్ కి ఆ రంగు గురించి ఏమీ తెలీదు, ఎవరో వచ్చి గోడకి సున్నం వేసి వెళ్ళినట్టు మన కోడ్ వచ్చి రంగు పూసి వెళ్ళిపోయింది అంతే. కాబట్టి రంగు చదివే కోడ్ రాసే ముందు ఆ రంగు ఎవరు వేశారు, ఎక్కడ దాచారు అనేది వెతకాలి. ఏ కంట్రోల్ అనేదాన్ని బట్టి సమాధానం మారుద్ది, అందుకే ఒక్కోటి చూద్దాం.

మామూలు లిస్ట్ బాక్స్ తో మొదలెడదాం ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. విన్ ఫార్మ్స్ లిస్ట్ బాక్స్ కి మొత్తం కలిపి ఒకటే బ్యాక్ కలర్ (వెనక రంగు), ఒకటే ఫోర్ కలర్ (అక్షరాల రంగు). ఐటమ్స్ అనేది వట్టి ఆబ్జెక్టుల లిస్టు, ఒక్కో లైనుకి విడిగా రంగు పెట్టే ప్రాపర్టీ లేదు, లేని ప్రాపర్టీని చదవలేం. మరి లైన్లకి రంగులు ఎలా వేస్తారంటే డ్రా మోడ్ అనే ప్రాపర్టీని ఓనర్ డ్రా ఫిక్స్‌డ్ కి మార్చి, లైను గీయాల్సి వచ్చిన ప్రతిసారీ నడిచే డ్రా ఐటమ్ ఈవెంట్ లో మనమే బ్రష్ పట్టుకుని ఆ లైను దీర్ఘచతురస్రాన్ని నింపి పైన అక్షరాలు రాస్తాం. ఆ ఈవెంట్ అయిపోగానే ఆ రంగు ఎక్కడా దాచబడదు, మళ్ళీ ఆ లైను గీయాల్సి వచ్చినప్పుడు మళ్ళీ మొదట్నుంచి లెక్కేసి పూస్తాం.

అప్పుడు చదవడం ఎలా? రంగు తేల్చే లెక్కని ఈవెంట్ లోపల రాయకుండా బయటికి తీసి ఒక ఫంక్షన్ చెయ్యాలి, దానికి ఐటమ్ ఇస్తే రంగు తిరిగి ఇవ్వాలి. ఉదాహరణకి మందు అనే క్లాస్ ఒకటి పెట్టుకుని అందులో పేరు, బ్యాచ్ నెంబర్, ఎక్స్‌పైరీ తేదీ, మిగిలిన స్టాక్ పెట్టండి, లిస్ట్ బాక్స్ లోకి స్ట్రింగ్ కాకుండా ఆ మందు ఆబ్జెక్టునే యాడ్ చెయ్యండి, మనం గీసేటప్పుడు అందులోంచి పేరు తీసి రాస్తాం. ఇప్పుడు లైను రంగు అనే ఫంక్షన్ మందుని తీసుకుని, తేదీ దాటితే ఎరుపు, 90 రోజుల్లోపైతే పసుపు, లేకపోతే లిస్ట్ బాక్స్ బ్యాక్ కలర్ ఇస్తుంది. డ్రా ఐటమ్ లో ఈ ఫంక్షన్నే పిలిచి పూస్తారు, ప్రింట్ బటన్ లో కూడా ఈ ఫంక్షన్నే పిలిచి అడుగుతారు. ఒకే ఫంక్షన్ రెండు చోట్ల కాబట్టి స్క్రీన్ ఒకటి చెప్పి ప్రింట్ ఇంకోటి చెప్పడం ఉండదు. నేను ఇప్పుడు ఏ కంట్రోల్ లో రంగులు వేసినా ముందు ఈ ఫంక్షన్ రాసుకునే మొదలెడతా.

డ్రా ఐటమ్ లో రెండు జాగ్రత్తలు. లిస్టు ఖాళీగా ఉన్నప్పుడు ఫోకస్ వస్తే ఈవెంట్ ఇండెక్స్ -1 తో వస్తుంది, అది చూస్కోకుండా ఐటమ్స్ లోంచి తీయబోతే ప్రోగ్రాం ఆగిపోద్ది, కాబట్టి ముందే ఇండెక్స్ సున్నా కంటే తక్కువైతే వెనక్కి వెళ్ళిపోండి. రెండోది, ఈవెంట్ తో పాటు "ఈ" అనే ఇంగ్లీషు అక్షరం పేరుతో ఒక ఆబ్జెక్టు వస్తుంది, అందులోని "ఈ" డాట్ బ్యాక్ కలర్ ని నమ్మకండి. పేరు చూస్తే లైను రంగే అనిపిస్తది గానీ ఆ లైను సెలెక్ట్ అయి ఉంటే అది విండోస్ హైలైట్ రంగు ఇస్తుంది, లేకపోతే మొత్తం లిస్టు రంగు ఇస్తుంది, మనం పూసిన ఎరుపు అందులో ఎప్పటికీ రాదు. అలాగే స్టాక్ మారి లైను రంగు మారాల్సి వస్తే కంట్రోల్ దానంతట అది గీయదు, ఇన్‌వాలిడేట్ పిలవాలి. లిస్ట్ బాక్స్ లో మల్టీ కాలమ్ అని ఒక ప్రాపర్టీ కనపడుద్ది, దాన్ని చూసి సెల్స్ వస్తాయేమో అనుకోకండి, అది న్యూస్ పేపర్ లో వార్త పక్క కాలానికి వెళ్ళినట్టు లైన్లని పక్కకి పేరుస్తుంది అంతే. సెల్ సెల్ కి రంగు కావాలంటే లిస్ట్ వ్యూ గానీ డేటా గ్రిడ్ వ్యూ గానీ వాడాలి.

లిస్ట్ వ్యూ లో వ్యూ ని డీటెయిల్స్ కి మారిస్తే కాలమ్స్ వస్తాయి, ఇక్కడ రంగు కంట్రోల్ లోనే దాచబడుద్ది కాబట్టి చదవొచ్చు. కానీ ఒక చిన్న మెలిక ఉంది, అది తెలీకపోతే తప్పు రంగే చదువుతారు. ప్రతి లైనుకి యూజ్ ఐటమ్ స్టైల్ ఫర్ సబ్ ఐటమ్స్ అని ఒక ప్రాపర్టీ ఉంది, మొదట్నుంచి అది ట్రూ లో ఉంటది. ట్రూ లో ఉంటే లైనుకి వేసిన రంగే అన్ని సెల్స్ కీ పడుద్ది, మీరు మూడో సెల్ కి విడిగా ఆకుపచ్చ రంగు వేసినా స్క్రీన్ మీద కనపడదు. కానీ ఆ సబ్ ఐటమ్ బ్యాక్ కలర్ చదివితే మాత్రం ఆకుపచ్చ అనే చెప్తుంది, ఎందుకంటే మీరు పెట్టింది అది దాచుకుంది, గీసేటప్పుడే పక్కన పెట్టేసింది. దీనికి తిరగేసింది కూడా ఉంది. లైను మొత్తానికి పసుపు వేసి మూడో సబ్ ఐటమ్ రంగు అడిగితే పసుపు రాదు, లిస్ట్ వ్యూ సొంత బ్యాక్ కలర్, అంటే మామూలుగా తెలుపు వస్తుంది. సబ్ ఐటమ్ కి సొంత రంగు పెట్టకపోతే అది లైనుని అడగదు, నేరుగా లిస్ట్ వ్యూ ని అడుగుతుంది. స్క్రీన్ మీద పసుపు కళ్ళెదురుగా కనపడుతుంటే కోడ్ తెలుపు అంటుంటే మన కోడ్ లోనే ఎక్కడో తప్పుందని గంటలు గంటలు వెతుకుతాం.

కాబట్టి లిస్ట్ వ్యూ లో సెల్ రంగు చదివే ఫంక్షన్ ఇలా ఉండాలి: ఐటమ్, కాలమ్ నెంబర్ తీసుకో, ఐటమ్ డాట్ యూజ్ ఐటమ్ స్టైల్ ఫర్ సబ్ ఐటమ్స్ ట్రూ అయితే ఐటమ్ డాట్ బ్యాక్ కలర్ ఇచ్చెయ్, ఫాల్స్ అయితే ఐటమ్ డాట్ సబ్ ఐటమ్స్ లో ఆ కాలమ్ తీసి దాని బ్యాక్ కలర్ ఇవ్వు. కాలమ్స్ ఆరు ఉన్నా ఆ లైనులో సబ్ ఐటమ్స్ నాలుగే ఉండొచ్చు, చివరి రెండు మనం నింపకపోతే అవి అసలు పుట్టవు, అందుకే కాలమ్ నెంబర్ సబ్ ఐటమ్స్ డాట్ కౌంట్ కంటే తక్కువో కాదో ముందు చూడండి. ఇంకోటి, సబ్ ఐటమ్స్ లో సున్నా నెంబర్ ది అంటే ఐటమే, మొదటి కాలమ్ అన్నమాట. ఐటమ్ బ్యాక్ కలర్ అంటే నిజానికి ఆ సున్నా నెంబర్ సబ్ ఐటమ్ రంగే. అందుకే ఆ ప్రాపర్టీని ఫాల్స్ చేసి ఐటమ్ బ్యాక్ కలర్ పెడితే మొదటి సెల్ ఒక్కటే రంగు మారి మిగతా లైను తెల్లగా ఉండిపోతుంది. వర్చువల్ మోడ్ లో, అంటే లైన్లు ముందే నింపకుండా అడిగినప్పుడే మన కోడ్ ఇచ్చే పద్ధతిలో ఉంటే ఫర్ ఈచ్ పెట్టి తిరగనివ్వదు, ఎర్రర్ ఇస్తుంది, ఇండెక్స్ తోనే ఒక్కోటి తీసుకోవాలి. అయినా వర్చువల్ మోడ్ లో ఐటమ్ ని మీ కోడే తయారుచేసి ఇస్తుంది కాబట్టి రంగు ఏంటో మీ కోడ్ కే తెలుసు, కంట్రోల్ ని అడగాల్సిన పని లేదు.

ఇక డేటా గ్రిడ్ వ్యూ. నా 19, 31 కథ జరిగింది ఇక్కడే. ఇది 2005 లో డాట్ నెట్ 2.0 తో వచ్చింది, ఇప్పటికీ ఆఫీసుల్లో షాపుల్లో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఇదే ఉంటది. ఇందులో రంగు ఒక్క చోట ఉండదు, ఆరు చోట్ల ఉండొచ్చు. అన్నిటికంటే పైమాట సెల్ సొంత స్టైల్ ది. అక్కడ లేకపోతే రో డీఫాల్ట్ సెల్ స్టైల్ చూస్తుంది, అక్కడా లేకపోతే లైను విడిచి లైనుకి వేరే రంగు ఇచ్చే ఆల్టర్నేటింగ్ రోస్ డీఫాల్ట్ సెల్ స్టైల్, తర్వాత రోస్ డీఫాల్ట్ సెల్ స్టైల్, తర్వాత కాలమ్ ది, చివరికి మొత్తం గ్రిడ్ డీఫాల్ట్ సెల్ స్టైల్. ఇంట్లో అడిగింది దొరక్కపోతే పక్కింట్లో, అక్కడ లేకపోతే వీధి చివర కొట్లో అడిగినట్టు వరసగా అడుక్కుంటూ పోద్ది. కాలమ్ కంటే రో మాటే పైన అనేది గుర్తుపెట్టుకోండి, కాలమ్ కి రంగు వేశా కనపడట్లేదు అనేవాళ్ళకి చాలాసార్లు కారణం ఇదే, ఆల్టర్నేటింగ్ రంగు దాన్ని కప్పేసి ఉంటది.

కాబట్టి సెల్ డాట్ స్టైల్ డాట్ బ్యాక్ కలర్ చదివితే ఆ సెల్ కి విడిగా పెట్టిన రంగు మాత్రమే వస్తుంది, ఏమీ పెట్టకపోతే కలర్ డాట్ ఎంప్టీ, అంటే రంగే లేదని వస్తుంది, రో మొత్తం ఎర్రగా ఉన్నా సరే ఎంప్టీయే. మనకి కావాల్సింది సెల్ డాట్ ఇన్‌హెరిటెడ్ స్టైల్ డాట్ బ్యాక్ కలర్. ఇది పైన చెప్పిన ఆరు చోట్లా తిరిగి ఆఖరికి తేలిన రంగు ఇస్తుంది. ఇందులో ఇంకో మంచి సంగతి, రో సెలెక్ట్ అయి ఉండి స్క్రీన్ మీద నీలంగా కనపడినా ఇన్‌హెరిటెడ్ స్టైల్ బ్యాక్ కలర్ అసలు రంగే చెప్తుంది, ఆ నీలం సెలెక్షన్ బ్యాక్ కలర్ లో విడిగా ఉంటది. వట్టి సెల్ కి సొంత స్టైల్ ఉందా లేదా తెలుసుకోవాలంటే మాత్రం హ్యాజ్ స్టైల్ అడగండి, ఎందుకంటే సెల్ డాట్ స్టైల్ ని ముట్టుకుంటే చాలు, లేని స్టైల్ ఆబ్జెక్ట్ కొత్తగా పుట్టేస్తుంది, వేల రోల మీద అలా తిరిగితే మెమరీ దండగ.

అంతా బానే ఉంది, మరి నా లెక్క ఎందుకు తప్పింది? నేను రంగుల్ని సెల్ ఫార్మాటింగ్ ఈవెంట్ లో వేశా. అక్కడ రెండు రకాలుగా వెయ్యొచ్చు, రెండింటికీ రెండు రకాల ఇబ్బందులు. ఈవెంట్ తో వచ్చే "ఈ" డాట్ సెల్ స్టైల్ కి రంగు పెడితే అది ఆ క్షణానికి గీయడానికి ఇచ్చిన కాపీ, గీయడం అయిపోగానే పోతుంది, ఇన్‌హెరిటెడ్ స్టైల్ లో కూడా కనపడదు, అంటే స్క్రీన్ నిండా ఎరుపు ఉన్నా కోడ్ తో లెక్కేస్తే సున్నా వస్తుంది. రెండో రకం, అదే ఈవెంట్ లో గ్రిడ్ డాట్ రోస్ లోంచి ఆ రో తీసి దాని డీఫాల్ట్ సెల్ స్టైల్ కి రంగు పెట్టడం, నేను చేసింది ఇదే. ఇది దాచబడుద్ది, చదివితే వస్తుంది కూడా. కానీ సెల్ ఫార్మాటింగ్ అనేది ఆ సెల్ ని చూపించాల్సి వచ్చినప్పుడే నడుస్తుంది. స్క్రీన్ మీదకి ఇంకా రాని రోలకి అది నడవనే లేదు, అంటే వాటికి రంగు ఇంకా పడలేదు. షాపాయన మొదట బటన్ నొక్కినప్పుడు పైన కనపడుతున్న లైన్లకే రంగు పడి ఉంది, కిందదాకా స్క్రోల్ చేశాక మిగతావాటికీ పడింది, అందుకే 19 కాస్తా 31 అయింది. నా దగ్గర టెస్టింగ్ కి పెట్టుకున్నది పదిహేను లైన్లు, అన్నీ ఒకే స్క్రీన్ లో పట్టేవి, ఎప్పుడూ తప్పు బయటపడలేదు. ఇంకోటి కూడా దీన్ని దాచేస్తుంది, ఆటో సైజ్ కాలమ్స్ మోడ్ ని ఆల్ సెల్స్ కి పెడితే వెడల్పు కొలవడానికి గ్రిడ్ అన్ని రోలనీ ఒకసారి తడుముతుంది, అప్పుడు ఈవెంట్ అన్నిటికీ నడిచేసి రంగులన్నీ పడిపోతయ్, మీ కంప్యూటర్లో అంతా సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తది, ఎవరో ఆ సెట్టింగ్ మార్చిన రోజు లెక్క తప్పుద్ది.

సరిచేసే దారి రెండు. రంగు నిజంగా గ్రిడ్ లో దాచాలనుకుంటే సెల్ ఫార్మాటింగ్ లో కాకుండా డేటా బైండింగ్ కంప్లీట్ (గ్రిడ్ కి డేటా తగిలించడం, అంటే బైండ్ చెయ్యడం, పూర్తయ్యాక వచ్చేది) అనే ఈవెంట్ లో అన్ని రోలూ తిరిగి ఒకేసారి వెయ్యండి. ఫార్మ్ కన్‌స్ట్రక్టర్ లో డేటా సోర్స్ పెట్టి ఆ కింద లైనులోనే రంగులేస్తే తర్వాత గ్రిడ్ మళ్ళీ బైండ్ అయ్యేటప్పుడు అవి ఎగిరిపోతయ్, బైండింగ్ తో ఉన్న గ్రిడ్ ని కాలమ్ హెడింగ్ నొక్కి సార్ట్ చేసినా పోతయ్, కానీ ఆ రెండిట్లోనూ ఈ ఈవెంట్ మళ్ళీ వస్తుంది కాబట్టి ఇందులో వేస్తే ప్రతిసారీ మళ్ళీ పడతయ్. అలా వేశాక ఇన్‌హెరిటెడ్ స్టైల్ చదివితే స్క్రోల్ తో పని లేకుండా సరైన లెక్క వస్తుంది. రెండో దారి, నేను ఆ షాపుకి చేసింది, లిస్ట్ బాక్స్ దగ్గర చెప్పిందే: రంగుని చదవడం మానేసి రంగుకి కారణాన్ని అడగడం. మందు స్థితి అనే ఈనమ్ (ముందే రాసిపెట్టిన పేర్లలో ఒకటి మాత్రమే తీసుకునే రకం) పెట్టా, దాటిపోయింది, దగ్గర్లో ఉంది, బాగుంది అని మూడు. తేదీ ఇస్తే స్థితి ఇచ్చే ఫంక్షన్ ఒకటి, స్థితి ఇస్తే రంగు ఇచ్చే ఫంక్షన్ ఒకటి. సెల్ ఫార్మాటింగ్ రెండో ఫంక్షన్ దాకా వెళ్తుంది, ప్రింట్ బటన్ మొదటిదాంతోనే ఆగుతుంది. దీనివల్ల ఇంకో తప్పు కూడా బయటపడింది. మందుల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం మాత్రమే ఉంటది, ఆ నెలాఖరు దాకా పనికొస్తుందని అర్థం. నేను ఒక చోట నెల మొదటి తేదీ, ఇంకో చోట చివరి తేదీ పెట్టి పోల్చా, లెక్క ఒకే చోటికి వచ్చాకే అది కంటపడింది. మంచి మందు ఒకటి ఎర్ర లైనులో పడి వెనక్కి పోతే షాపుకి నష్టం, పాడైంది తెల్ల లైనులో ఉండిపోతే అది తీసుకెళ్ళిన మనిషికి నష్టం, కాబట్టి ఇది రంగుల విషయమే కదా అని తేలిగ్గా తీసుకునేది కాదు.

రోలు తిరిగేటప్పుడు ఈజ్ న్యూ రో అయితే వదిలెయ్యండి, అలౌ యూజర్ టు యాడ్ రోస్ ఆన్ లో ఉంటే చివర ఒక ఖాళీ రో ఎప్పుడూ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలిపేస్తారు. క్లిక్ ఈవెంట్ లో సెల్ రంగు చదువుతుంటే రో ఇండెక్స్ -1 రావచ్చు, అది హెడింగ్ మీద నొక్కినట్టు.

ఇప్పుడు చదివిన రంగుని పోల్చడం. ఇక్కడ డాట్ నెట్ లో ఒక దెబ్బ తగులుద్ది. కలర్ డాట్ ఎల్లో, ఫ్రమ్ ఏ ఆర్ జీ బీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలిస్తే రంగు చేసేది) 255, 255, 0 ఇవి రెండూ స్క్రీన్ మీద అచ్చం ఒకటే పసుపు. కానీ రెండూ సమానమా అని అడిగితే ఫాల్స్ అంటుంది, ఎందుకంటే కలర్ అనేది అంకెలతో పాటు పేరు కూడా మోస్తుంది, పేరున్న పసుపు, పేరులేని పసుపు దానికి వేరే వేరే. అలాగే సిస్టమ్ కలర్స్ డాట్ విండో, కలర్ డాట్ వైట్ రెండూ తెల్లగానే కనపడినా సమానం కావు. డిజైనర్ లో పెట్టిన రంగు ఒక రకంగా, కోడ్ లో పెట్టింది ఇంకో రకంగా ఉండటం మామూలే, అందుకే ఎప్పుడు పోల్చినా రెండు వైపులా టూ ఏ ఆర్ జీ బీ పెట్టి ఆ అంకెల్ని పోల్చండి. పసుపుకి -256 వస్తుంది, ఎరుపుకి -65536, తెలుపుకి -1, ఎంప్టీకి 0. మైనస్ చూసి భయపడొద్దు, పారదర్శకత చెప్పే పై ఎనిమిది బిట్లు నిండి ఉండటం వల్ల అలా కనపడుద్ది అంతే. టూ స్ట్రింగ్ పెట్టి పేర్లు పోల్చే అలవాటుంటే మానెయ్యండి, ఒకే పసుపుకి ఒకచోట పేరు, ఇంకోచోట అంకెలు వస్తయ్.

ఆ అంకె ఇంకో చోట కూడా పనికొస్తుంది. కొన్ని షాపుల్లో రంగుకి సూత్రం ఏమీ ఉండదు, మనిషే రైట్ క్లిక్ చేసి ఈ లైను ఆకుపచ్చ, ఈ లైను నారింజ అని తన గుర్తుకి తను వేసుకుంటాడు. అక్కడ రంగే సమాచారం, దాన్ని లెక్కేసి తేల్చలేం, గ్రిడ్ లో వదిలేస్తే ప్రోగ్రాం మూసిన రోజు పోతుంది. అప్పుడు టేబుల్ లో రంగు అనే ఇంటీజర్ కాలమ్ పెట్టి టూ ఏ ఆర్ జీ బీ అంకెని సేవ్ చెయ్యండి, తెరిచేటప్పుడు ఫ్రమ్ ఏ ఆర్ జీ బీ తో వెనక్కి రంగు చేసుకోండి. చదవాల్సింది అప్పుడు గ్రిడ్ నుంచి కాదు, ఆ కాలమ్ నుంచి.

ఎక్సెల్ కి పంపేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఎక్సెల్ రంగు అంకెలో ఎరుపు చివర ఉంటది, అంటే ఎరుపు, దానికి 256 రెట్లు ఆకుపచ్చ, 65536 రెట్లు నీలం కలిపిన అంకె, పసుపు అక్కడ 65535. టూ ఏ ఆర్ జీ బీ అంకెని నేరుగా ఇస్తే కుదరదు. కలర్ ట్రాన్స్‌లేటర్ లో టూ ఓఎల్ఈ ఉంది, చాలామంది అదే వాడతారు, కానీ సిస్టమ్ రంగు ఇస్తే అది అసలు రంగు కాకుండా విండోస్ సిస్టమ్ రంగు గుర్తు ఇస్తుంది, గ్రిడ్ మామూలు తెలుపు సిస్టమ్ రంగే కాబట్టి అది తగుల్తది. దాని పక్కనే ఉన్న టూ విన్ 32 వాడండి, ఎప్పుడూ అసలు అంకె ఇస్తుంది. ఎంప్టీని మాత్రం పంపకుండా ముందే ఆపండి, దానికి 0 వస్తుంది, ఎక్సెల్ లో 0 అంటే నలుపు, షీట్ అంతా నల్లగా వచ్చిందని ఫోన్ వస్తే కారణం ఇదే, ఇన్‌హెరిటెడ్ స్టైల్ కి బదులు స్టైల్ చదివి ఉంటారు.

ఎక్సెల్ లోనే ఉన్న రంగు చదవాలన్నా ఇదే గొడవ వేరే పేరుతో ఉంటది. ఇంటీరియర్ డాట్ కలర్ అనేది చేత్తో వేసిన రంగు మాత్రమే చెప్తుంది, కండిషనల్ ఫార్మాటింగ్ తో, అంటే మనం పెట్టిన షరతుని బట్టి ఎక్సెలే వేసిన రంగు దానికి తెలీదు. 2010 ఎక్సెల్ నుంచి డిస్‌ప్లే ఫార్మాట్ వచ్చింది, డిస్‌ప్లే ఫార్మాట్ డాట్ ఇంటీరియర్ డాట్ కలర్ అడిగితే కనపడే రంగు ఇస్తుంది, మాక్రోలో బాగా పనిచేస్తుంది గానీ సెల్ లో ఫార్ములాలాగా రాసుకునే సొంత ఫంక్షన్ లో పనిచెయ్యదు. రంగే వెయ్యని సెల్ కి ఇంటీరియర్ కలర్ 16777215, అంటే తెలుపు, వస్తుంది, నిజంగా తెలుపు వేసినా అదే వస్తుంది, తేడా కావాలంటే కలర్ ఇండెక్స్ చూడండి, వెయ్యకపోతే -4142 ఉంటది. సీ షార్ప్ నుంచి చదివితే ఈ కలర్ డబుల్ గా వస్తుంది, నేరుగా ఇంట్ అని క్యాస్ట్ చేస్తే ఎర్రర్ రావచ్చు, కన్వర్ట్ డాట్ టూ ఇంట్ 32 వాడాలి. ఎక్సెల్ యూజర్ ఫార్మ్ లోని లిస్ట్ బాక్స్ లో అయితే లైను లైనుకి రంగు వెయ్యడమే కుదరదు, ఇక చదవడం అనే ప్రశ్నే లేదు.

పాత విజువల్ బేసిక్ 6 సాఫ్ట్‌వేర్ ఎవరైనా మీ చేతిలో పెడితే అందులో ఫ్లెక్స్ గ్రిడ్ ఉండొచ్చు. అక్కడ ముందు రో, కాల్ రెండూ ఆ సెల్ కి మార్చి అప్పుడు సెల్ బ్యాక్ కలర్ చదవాలి, మార్చే ముందు పాత రో కాల్ దాచుకుని పని అయ్యాక తిరిగి పెట్టండి, లేకపోతే యూజర్ ఉన్న చోటు మారిపోతుంది. 0 అంటే అక్కడ నలుపు కాదు, మామూలు రంగు అని.

స్క్రీన్ ని ఫోటోలా తీసి పిక్సెల్ చూస్తే అన్నిటికీ ఒకటే మందు కదా అని కొందరు డ్రా టూ బిట్‌మ్యాప్, గెట్ పిక్సెల్ వాడతారు. వేరేవాళ్ళు గీసిన కంట్రోల్, సోర్స్ లేదు, ఇంకో దారి లేదు అన్నప్పుడు తప్ప వద్దు. స్క్రోల్ లో కింద ఉన్న లైన్లు ఆ బొమ్మలో ఉండవు, సెలెక్ట్ అయిన లైను నీలంగా వస్తుంది, అక్షరం అంచు మీద పడితే అటూ ఇటూ కాని రంగు వస్తుంది. తప్పదంటే గెట్ ఐటమ్ రెక్టాంగిల్ తో లైను దీర్ఘచతురస్రం తీసుకుని, కుడి వైపు అక్షరాలు లేని చోట, అంచుకి రెండు మూడు పిక్సెల్స్ లోపల చదవండి.

రాసిన కోడ్ సరిగ్గా ఉందో లేదో చూస్కోడానికి నేను ఇప్పుడు చేసే పరీక్ష ఇది. 500 లైన్ల డేటా పెట్టి, ఎర్రవి ఎన్ని రావాలో ముందే డేటాబేస్ లో క్వెరీతో లెక్కేసి రాసుకుంటా. ప్రోగ్రాం తెరిచి స్క్రోల్ ముట్టుకోకుండా బటన్ నొక్కుతా. తర్వాత చివరిదాకా స్క్రోల్ చేసి నొక్కుతా, పేరు కాలమ్ మీద సార్ట్ చేసి నొక్కుతా, ఒక ఎర్ర లైను సెలెక్ట్ చేసి ఉంచి నొక్కుతా, ఒక ఎర్ర లైను మందు తేదీని ఇంకా దాటని తేదీకి మార్చి సేవ్ చేసి నొక్కుతా. ఆఖరిదాంట్లో లెక్క ఒకటి తగ్గాలి, మిగతా నాలుగిట్లో క్వెరీ చెప్పిన అంకే రావాలి. ఆ షాపులో ఇప్పుడు స్క్రోల్ కి ముందూ 31, స్క్రోల్ తర్వాతా 31.